పిల్లల లెక్కకు ఏడు రోజుల్లో జవాబు



తొలకరి పడి పదిహేను రోజులు గడిస్తే చాలు, మా పిల్లల వార్డు రూపం మారిపోతుంది. ముందు వాంతులు, విరేచనాలు. ఆ వెనుక జ్వరాలు. ఆగస్టు, సెప్టెంబరు నెలలు వచ్చేసరికి ఒక్కొక్క వీధి నుండి ముగ్గురు నలుగురు పిల్లలు ఒకేసారి వస్తారు. పేరు, వయస్సు రాసుకున్న తరువాత మా సిస్టర్లు ఏ వీధి అని అడుగుతారు. వీధి పేరు వినగానే "నిన్న వచ్చిన బాబుది కూడా అదే వీధి కదా" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అయితే ఆ వీధిలో ఏ తొట్టెలో దోమ పెరుగుతున్నదో, ఏ కుళాయి నీళ్లు చెడిపోయాయో మంచం పక్కన నిలబడి మేము చెప్పలేము. అది ఆ వీధిలో తిరిగేవారికే తెలియాలి. వీధిలో అందరికంటే ఎక్కువ తిరిగేది ఎవరు? పిల్లలే. ఏ ఇంటి పెరట్లో పాత టైరు ఉన్నదో, ఏ గోడ వెనుక నీళ్లు నిలుస్తాయో పెద్దవాళ్లకంటే వాళ్లకే బాగా తెలుసు.

అందుకే ఈసారి ఈ పేజీలో మందుల గురించి కాక బడి గురించి రాస్తున్నాము. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు పరిసరాల విజ్ఞానం పాఠాన్ని పుస్తకంలో చదివి ఊరుకోకుండా, తమ వీధిలో నిజంగా చేయాలని మా అభిప్రాయం. ఆ పనిలో బడికి తోడుగా ఆసుపత్రి, సంఘము, వార్డు సచివాలయము నిలబడాలి. ఒక షరతు కూడా ఉంది. దాన్ని పేరులోనే పెట్టాము, వివరం తరువాత చెప్తాము.

జూన్ 5న పర్యావరణ దినం వస్తుంది. పిల్లలు భూగోళం బొమ్మ గీసి, దానికి కన్నీళ్లు పెట్టి, కింద నినాదం రాస్తారు. ఒక మొక్క నాటుతారు. ఫొటో తీస్తారు. మరుసటి జూన్‌కు అదే గుంటలో మరో మొక్క. ఇందులో పిల్లల తప్పు ఏమీ లేదు, ఉపాధ్యాయులను తప్పుపట్టడానికీ మాకు మనసు రాదు. వాళ్ల మీద ఇప్పటికే ఎన్ని రిజిస్టర్లు, ఎన్ని యాప్‌లు పడ్డాయో మా ఆసుపత్రికి వచ్చే టీచరమ్మలు చెప్తూనే ఉంటారు. కానీ ఏడ్చే భూగోళం బొమ్మ చూసి ఒక్క దోమ కూడా తగ్గదు. పర్యావరణాన్ని బడిలో తప్పనిసరిగా నేర్పాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 2001లో జాతీయ హరిత దళం పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు మొదలయ్యాయి. పాఠం ఉంది, క్లబ్బు ఉంది. లేనిదల్లా చేతికి పని, ఆ పనికి ఒక గమ్యం.

బైబిలు చదివే మనకు ఈ పని కొత్తదిగా తోచనక్కర్లేదు. ఆదికాండములో ఆదాముకు అప్పగించబడిన తొలి పనులలో ఒకటి జీవులకు పేర్లు పెట్టడం. పేరు పెట్టాలంటే ఒక్కొక్కదాన్ని దగ్గరగా చూడాలి, ఇది వేరు అది వేరు అని గుర్తించాలి. విజ్ఞానానికి మొదటి మెట్టు అదే. సొలొమోను కూడా సోమరిని ఉపన్యాసం వినమనలేదు, చీమ దగ్గరకు వెళ్లి చూడమన్నాడు.

"ఇంత చిన్న పిల్లలు చేసేది విజ్ఞానమా, ఆటా?" అని అడిగేవారున్నారు. వారికి ముందు మన తెలుగునాట జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. 2000 తరువాతి సంవత్సరాలలో అనంతపురం, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ వంటి కరువు జిల్లాలలో రైతులే తమ ఊరి వానను, తమ బోర్లలోని నీటి మట్టాన్ని కొలిచారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో జరిగిన ఆ పథకం ఆరు వందలకు పైగా గ్రామాలలో నడిచింది. పదిహేను రోజులకొకసారి బోరులో కొలత తీసుకొని, ఊరి మధ్య గోడ మీద రాసేవారు. ఉన్న నీరెంత, ఏ పంటకు ఎంత కావాలి అని లెక్క వేసుకొని, ఆ తరువాత ఏమి వేయాలో ఎవరికి వారే నిర్ణయించుకునేవారు. వారిలో బడి మొహం చూడనివారు ఎందరో ఉన్నారు. కొలత నేర్చుకోవడానికి డిగ్రీ అక్కరలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పిల్లల విషయానికొస్తే జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుండి జరుగుతున్నది. 10 నుండి 17 ఏళ్ల పిల్లలు తమ ఊరి సమస్యను ఒకదాన్ని ఎంచుకొని, చిన్న బృందాలుగా పరిశీలించి, తమ భాషలోనే వివరించవచ్చు. మన రాష్ట్రంలో జన విజ్ఞాన వేదికలోని ఉపాధ్యాయులు దీనికోసం ఎంతో శ్రమపడ్డారు. పదేళ్లంటే ఐదో తరగతి. అంటే మేము చెప్పే వయస్సు వారు అక్కడ ఎప్పటినుండో ఉన్నారు. అయితే అది పోటీ. బాగున్న ప్రాజెక్టు జిల్లాకు, రాష్ట్రానికి, దేశానికి అని పైకి పోతుంది. మేము కోరేది పక్కకు పోయే ప్రాజెక్టు. పక్క వీధికి, వార్డు సచివాలయానికి, గుడి కమిటీకి, సంఘ పెద్దలకు పోయేది.

ఇంగ్లాండులోని డెవన్ ప్రాంతంలో బ్లాకాటన్ అనే పల్లెటూరు ఉంది. అక్కడి ప్రాథమిక పాఠశాలలో 8 నుండి 10 ఏళ్ల పిల్లలు 25 మంది, ఒక శాస్త్రవేత్త తోడుగా, తుమ్మెదల వంటి పెద్ద తేనెటీగల మీద పరీక్షలు చేశారు. రంగు చూసి పువ్వును ఎంచుకుంటాయా, పువ్వులు అమర్చిన తీరు చూసి ఎంచుకుంటాయా అన్నది వాళ్ల ప్రశ్న. ప్రశ్న వాళ్లదే, ఆట నియమాలు వాళ్లవే, రంగు పెన్సిళ్లతో వేసిన పటాలూ వాళ్లవే. ఆ వ్యాసాన్ని 2010 డిసెంబరులో బయాలజీ లెటర్స్ అనే పేరున్న శాస్త్ర పత్రిక అచ్చు వేసింది. మన పిల్లలు పత్రికలకు ఎక్కాలని దీన్ని చెప్పడం లేదు. ఎనిమిదేళ్ల బిడ్డ అడిగిన ప్రశ్నను ఒక పెద్దమనిషి నవ్వకుండా విన్నాడు. ఆ వినడమే మనకు కావాలి.

ఇక మన పిఠాపురంలో ఏం చేయవచ్చు? మాకు బాగా తెలిసిన దోమతోనే మొదలుపెడతాము.

డెంగీ దోమ మురికి కాలువలో పుట్టదు. ఇంట్లో, పెరట్లో నిలిచిన మంచినీటిలో పుడుతుంది. నీళ్ల తొట్టె, మూత లేని డ్రమ్ము, పూలకుండీ కింద పళ్లెం, ఫ్రిజ్ వెనుక ట్రే, వాడకం లేక పెరట్లో పడివున్న రుబ్బురోలు, కొబ్బరిబోండాం డొక్కలు, టైర్లు. మన వేడికి గుడ్డు నుండి రెక్కల దోమ కావడానికి సుమారు వారం పది రోజులు పడుతుంది. గుడ్లు తొట్టె గోడకు అంటుకొని ఉంటాయి. నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే లేస్తాయి. అందుకే నీళ్లు పారబోస్తే చాలదు, గోడను పీచుతో రుద్దాలని మేము చెప్తుంటాము. ఈ మాట మేము చెప్తే తల్లులు తల ఊపి వెళ్లిపోతారు. కూతురు టార్చిలైటు వేసి "అమ్మా, ఇవిగో పురుగులు" అని చూపిస్తే అప్పుడు పీచు వెతుకుతారు.

నాలుగో తరగతి పిల్లలు నలుగురు, వారికి తోడు ఒక టీచరు లేక మా కమ్యూనిటీ నర్సు, ఒక టార్చి, ఒక తెల్లని గరిటె, ఒక నోటుబుక్కు. ఇంతే సామాను. ఇంటివారి అనుమతి తీసుకొని, నీళ్లు ఉన్న పాత్రలెన్ని, అందులో లార్వాలున్నవి ఎన్ని అని రాయాలి. నూరిళ్లు చూస్తే అందులో లార్వాలున్న ఇళ్లు ఎన్నో, అది ఇంటి సూచిక. నూరిళ్లకు లార్వాలున్న పాత్రలెన్నో, అది బ్రెటో సూచిక. ఈ రెండూ ప్రపంచమంతటా ఆరోగ్యశాఖలు వాడే లెక్కలే, పిల్లలకోసం తయారుచేసిన ఆటలెక్కలు కావు. శాతం అంటే ఏమిటో బల్లమీద నేర్పడం కష్టం. తన వీధిలో నలభై ఇళ్లకు ఆరిళ్లు అని తానే రాసుకున్న పిల్లవాడికి పదిహేను శాతం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

లార్వాను చూడటంలో కూడా చదువుంది. నీటిమీద అడ్డంగా, పరుపు మీద పడుకున్నట్టు ఉంటే అది మలేరియా దోమ జాతి. తల కిందికి, తోక పైకి ఏటవాలుగా వేలాడితే డెంగీ దోమో, బోదకాలు వ్యాప్తిచేసే క్యూలెక్స్ దోమో అయివుంటుంది. నాలుగు లార్వాలను సీసాలో వేసి, మూతికి దోమతెర గుడ్డ గట్టిగా కట్టి, బడిలో బీరువా మీద పెట్టండి. కొన్నాళ్లకు అవి కామా గుర్తులాగా వంకర తిరుగుతాయి. మరో రెండు రోజులకు గుడ్డ కింద దోమ ఉంటుంది. కాళ్లకు తెల్ల పట్టీలుంటే ఏ దోమో పిల్లలే చెప్తారు. ఒక జాగ్రత్త: ఆ గుడ్డ ఎవరూ విప్పకూడదు. ఆట అయిపోయాక టీచరుగారే గుడ్డ మీదనుండి మరిగిన నీళ్లు పోసి ముగించాలి.

దోమ మీద ఇంతసేపు ఎందుకంటే, ఈ కథలో మన తెలుగునేలకు వాటా ఉంది. దోమలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ మొదట చూసినది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాదులో. ఎన్నో దోమలను విప్పి విప్పి, కళ్లు కాయలు కాసేలా చూసి కనిపెట్టాడు. మన గోదావరి జిల్లాలకు బోదకాలు పాత శత్రువు. రాజమహేంద్రవరంలో ఫైలేరియా మీద శిక్షణ ఇచ్చే కేంద్రం ఏర్పడటానికి కారణం అదే. బోదకాలు క్రిములు రక్తంలో రాత్రిపూట కనిపిస్తాయి గనుక పరీక్షకు రాత్రివేళ రక్తం తీస్తారని మన పెద్దలకు తెలుసు. ఆ మాత్రలు పంచేందుకు వచ్చినప్పుడు "మాకేం రోగం లేదు, ఎందుకు?" అనేవారు ఇప్పటికీ ఉన్నారు. తన సీసాలో దోమ పుట్టుక చూసిన పిల్లవాడున్న ఇంట్లో ఆ ప్రశ్నకు సమాధానం వాడే చెప్తాడు.

నర్సులుగా మేము ఒక సంగతి గట్టిగా చెప్పగలము. రోగి మంచానికి తగిలించే చార్టులో ఒక్కసారి రాసిన జ్వరం అంకెకు పెద్ద అర్థం లేదు. నాలుగు గంటలకొకసారి రాస్తూ పోతే గీత వస్తుంది. ఆ గీతను చూసి డాక్టరుగారు మందు మారుస్తారు. వీధికి కూడా అలాంటి చార్టు ఉండాలి. జూన్ నుండి నవంబరు వరకు వారం వారం ఒకే వీధిని, ఒకే పిల్లలు, ఒకే పద్ధతిలో లెక్కపెడితే వీధి జ్వరం ఎక్కుతున్నదో దిగుతున్నదో తెలుస్తుంది. మా వృత్తికి తల్లివంటి ఫ్లోరెన్సు నైటింగేలును దీపం పట్టుకున్న అమ్మగానే గుర్తుపెట్టుకున్నాము. ఆమె లెక్కలమనిషి. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలతోకంటే నివారించగలిగిన రోగాలతోనే ఎక్కువమంది చనిపోయారని 1858లో రంగుల పటం గీసి దొరలకు చూపించింది. మన దేశంలో అడుగు పెట్టకుండానే ఇక్కడి సైనిక స్థావరాలకు ప్రశ్నలు పంపి, నీళ్లు, కాలువలు ఎలా ఉన్నాయో వివరాలు తెప్పించుకుంది. దీపం కన్నా ఆ పటమే ఎక్కువ ప్రాణాలు కాపాడిందని మా నమ్మకం.

నీటి సంగతికి వద్దాము. తాగేనీటిలో మలసంబంధమైన సూక్ష్మక్రిములు ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్షను గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన శాస్త్రవేత్తలు 1982లో ప్రకటించారు. చిన్న సీసాలో మందు పట్టించిన కాగితం ముక్క ఉంటుంది. నీళ్లు పోసి గది వేడిలో ఉంచితే మరుసటి రోజుకు నలుపెక్కుతుంది, లేక ఎక్కదు. నలుపెక్కితే ఆ నీరు అనుమానించదగినది. ఈ రోజు ఇది ఎన్నో దేశాల పల్లెలలో వాడుకలో ఉంది. సీసాలో నీళ్లు పట్టడం, చీటీ అంటించడం, మరునాడు రంగు చూసి రాయడం పిల్లల పని. నల్లబడిన సీసాను ముట్టుకోవడం, బ్లీచింగు వేసి పారవేయడం మాత్రం మా ల్యాబు టెక్నీషియన్ పని. అందులో పెరిగినవి బతికివున్న క్రిములు. ఏ కుళాయి, ఏ తేదీ, వాన పడిన తరువాతా ముందా అన్నది రాసుకుంటే చాలు, పైపు ఎక్కడ చిల్లుపడి మురికినీరు కలుస్తున్నదో వెతకడానికి దారి దొరుకుతుంది. 2024 సెప్టెంబరులో ఏలేరు వరద మన పిఠాపురం, గొల్లప్రోలు మండలాలను ముంచినప్పుడు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెప్పారు. వరద తీసిన వెంటనే గోడల మీది మరక ఆరకముందే పిల్లలు టేపుతో కొలిచి రాసి ఉంటే, మళ్లీ వచ్చినప్పుడు ముందు ఏ ఇళ్లు ఖాళీ చేయాలో ఆ కాగితమే చెప్పేది.

మనకు దగ్గరలోని ఉప్పాడలో సముద్రం ఊరిని కోస్తున్న సంగతి అందరికీ తెలిసినదే. అక్కడి పిల్లలు ఒక కదలని గుర్తు, బడి గోడో విద్యుత్ స్తంభమో పెట్టుకొని, కెరటం అంచు వరకు నెలకోసారి తాడుతో కొలవవచ్చు. కానీ ఏ వేళ కొలవాలి? పోటులో కొలిస్తే ఒక లెక్క, పాటులో కొలిస్తే ఒక లెక్క. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దది. ఈ సంగతి టీచరుగారికి తెలియకపోవచ్చు. తెప్ప మీద జీవితం గడిపిన తాతకు తెలుసు. ఆయన చెప్పిన తిథికి, చెప్పిన వేళకు కొలిస్తేనే ఈ నెలను పోయిన నెలతో పోల్చవచ్చు. బడికి ఊరి తోడు కావాలని మేము అనేది ఇందుకే. చదువు రాదని బడి గడప ఎక్కని మనిషి ఆ రోజు పిల్లలకు గురువుగా వస్తాడు. నీళ్ల దగ్గరకు వెళ్లేటప్పుడు ఆయన పక్కన ఉండటం పిల్లల ప్రాణానికి కూడా మంచిది.

ఇప్పుడు కొన్ని కఠినమైన మాటలు.

లెక్కపెట్టడం వేరు, శుభ్రం చేయడం వేరు. పిల్లల చేత కాలువ తీయించి, చెత్త ఎత్తించి దానికి విజ్ఞానం అని పేరు పెట్టేవారికి మా మద్దతు లేదు. మా చిన్నతనంలో బడి ఊడ్చేపని, నీళ్లు మోసేపని క్లాసులో ఏ పిల్లల మీద పడేదో మా సంఘ కుటుంబాలకు విడమరిచి చెప్పనవసరం లేదు. నోటుబుక్కు ఒకరికి, చీపురు ఇంకొకరికి ఇచ్చే పద్ధతి మళ్లీ ఏ పేరుతోనూ రాకూడదు. ఈ పనిలో ప్రతి బిడ్డ చేతిలో పెన్సిలు ఉండాలి, ఏ బిడ్డ చేతిలోనూ చీపురు ఉండకూడదు. శుభ్రం చేయడానికి జీతం తీసుకునే శాఖలున్నాయి, ఇంటిముందు శుభ్రానికి ఇంటి పెద్దలున్నారు. 2025 జనవరి నుండి ప్రతి నెల మూడో శనివారం జరుపుతున్న స్వచ్ఛాంధ్ర రోజున చీపుర్లు పట్టి ఫొటోలు దిగే పెద్దలు, ఎక్కడ ఊడవాలో పిల్లల లెక్క చూసి నిర్ణయించుకుంటే ఇంకా బాగుంటుంది.

రెండోది, ఎవరినీ సిగ్గుపరచకూడదు. ఫలానావారి తొట్టెలో పురుగులున్నాయని ఆదివారం ఆరాధనలో ప్రకటించడానికి ఈ లెక్క కాదు. నోటుబుక్కులో ఇంటికి నంబరే ఉండాలి, పేరు ఉండకూడదు. జ్వరం ఎవరికి వచ్చిందో పిల్లలు అడగనేకూడదు, అది ఆసుపత్రిలో రహస్యంగా ఉండవలసిన సంగతి. మేమే చెప్పము, పిల్లల చేత ఎలా చెప్పిస్తాము?

లెక్క తప్పుతుందని భయపడేవారికి మా వార్డు అలవాటు చెప్తాము. రక్తం ఎక్కించేముందు సీసా మీద నంబరు, గ్రూపు, రోగి పేరు ఇద్దరు నర్సులు విడివిడిగా చదివి సరిచూస్తారు. ఒకరు ఎంత అనుభవం ఉన్నవారైనా రెండోవారు చూడవలసిందే. పిల్లలను కూడా అలాగే రెండు జట్లుగా ఒకే వీధికి వేర్వేరుగా పంపండి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టండి. ఒకరికి ఆరు, ఒకరికి తొమ్మిది వస్తే, తేడా ఎందుకు వచ్చిందో వెతకడంలో ఆ రోజు అసలు పాఠం ఉంది.

"చదువుకోమని పంపాము గాని దోమలు లెక్కపెట్టడానికా?" అనే తండ్రులకు ఒక్కమాట. గణితం, రాత, నలుగురిలో మాట్లాడటం, తలుపు తట్టి మర్యాదగా అడగడం, ఇవన్నీ ఇందులో ఉన్నాయి. 2025-26 నుండి శనివారాన్ని పుస్తకాల సంచి లేని రోజుగా మన ప్రభుత్వం ప్రకటించింది కూడా. ఇంతకంటే తగిన పని ఆ రోజుకు మాకు కనిపించడం లేదు. వేసవిలో వి.బి.ఎస్. పది రోజుల్లో ఒక రెండు ఉదయాలు ఇందుకు ఇచ్చినా బైబిలు పాఠానికి లోటేమీ రాదు.

ఇప్పుడు మొదట చెప్పిన షరతు. పిల్లలు లెక్క తెచ్చి ఇచ్చిన తరువాత పెద్దలు ఏమి చేస్తారు?

ఇది తేలకుండా మొదలుపెట్టకండి. పిల్లలు ఎండలో నలభై ఇళ్లు తిరిగి, కాగితం నింపి, సచివాలయంలో ఇస్తారు. అక్కడ "మంచిది బాబూ" అని తీసుకొని, ఫైలులో పెడతారు. రెండో వారం మళ్లీ అదే తొట్టె, అవే పురుగులు. మూడో వారం పిల్లలు రారు. వాళ్లు ఆ రోజు ఒక పాఠం నేర్చుకుంటారు: చూసినది చెప్పడంవల్ల ఏమీ జరగదు అని. ఆ పాఠం ఒకసారి పట్టుకుంటే పెద్దయ్యాక కూడా వదలదు. అటువంటి పాఠం నేర్పేకంటే ఏడ్చే భూగోళం బొమ్మలే నయం.

గడువు ఎంత అని మనం వాదించుకోనక్కర్లేదు, దోమే పెట్టింది. గుడ్డు నుండి దోమకు వారం పది రోజులు గనుక, ఏడు రోజులు దాటితే ఆ లెక్క పాతబడిపోయినట్టే. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్యశాఖవారు పెట్టినది కూడా ఈ వారం లెక్కతోనే. కాబట్టి శనివారం లెక్క వస్తే మరుసటి శనివారంలోగా జవాబు రావాలి. జవాబు అంటే పని జరగడమే కానక్కర్లేదు. "ఈ టైర్లు తీయించాము, ఆ పైపు బాగుచేయడానికి సామాను రాలేదు, ఫలానా తేదీకి వస్తుంది" అన్నా జవాబే. కానీ ఎవరో ఒక మనిషి, పేరు సంతకంతో, పిల్లలకు రాసి ఇవ్వాలి. 2019 అక్టోబరులో సచివాలయాలు వచ్చినప్పటినుండి ప్రతి వార్డుకూ ఏ.ఎన్.ఎమ్. ఉన్నారు, పారిశుధ్యం చూసే కార్యదర్శి ఉన్నారు. సంఘంలో పెద్దలున్నారు, స్త్రీల సమాజమున్నది. ఒక్కొక్క వీధికి ఒకరు "జవాబు నాది" అని ఒప్పుకుంటేనే ఆ వీధిలో మొదలుపెట్టండి. ఒప్పుకునేవారు మూడు వీధులకే దొరికితే మూడు వీధులే చాలు.

మా వంతు సంగతి. ఈ లెక్కను ముందు మా ఆసుపత్రి ఆవరణలోనే మొదలుపెట్టమని అడుగుతున్నాము. రోగుల బంధువులు వంట చేసుకునే షెడ్డు వెనుక, క్వార్టర్సు మీది ట్యాంకులు, జనరేటరు గది పక్క పడేసిన సామాను, నర్సింగు హాస్టలు కూలర్లు, అన్నీ చూడండి. ట్యాంకులపైకి మాత్రం పిల్లలు ఎక్కరు, మా మేస్త్రీ ఎక్కి గరిటెతో తీసి కిందికి ఇస్తాడు. ఎన్ని దొరికితే అన్ని రాసి, బయటిరోగుల విభాగం గోడకు అంటించండి. పక్కన మా సంతకంతో జవాబు ఉంటుంది. టార్చిలు, గరిటెలు, చేతులు కడుక్కోవడానికి సబ్బు మేమే ఇస్తాము. ఒక సిస్టరు, ఒక ల్యాబు అబ్బాయి ఆ పూటంతా పిల్లలతో ఉంటారు. సూక్ష్మదర్శినిలో లార్వా ఎలా కనిపిస్తుందో చూపిస్తారు.

రాదలచిన బడులు, సండేస్కూలు టీచర్లు ముందుగా నర్సింగు ఆఫీసులో చెప్పండి. పదిమంది పిల్లలకు ఇద్దరు పెద్దలు తప్పక రావాలి. పిల్లలకు పొడుగు చేతుల చొక్కాలు, కాళ్లకు బూట్లో చెప్పులో ఉండాలి. డెంగీ దోమ కుట్టేది పగటిపూటే. శనివారం ఉదయం తొమ్మిదిలోగా వస్తే ఎండ ఎక్కకముందే ముగించవచ్చు. వంటషెడ్డు వైపు గేటు తీయించి ఉంచుతాము.